పుల్మన్ పెట్టెలు

అమెరికా సంయుక్త రాష్ట్రములు మిక్కిలి విశాలమైన దేశము. విమానములు వాడుకలోనికి రాకమునుపు ఆ దేశమును తూర్పు తీరమునుండి పడమటి తీరమునకు దాటవలెనన్నచో పలుదినములు రైలులోనే గడపవలసి యుండెను. పగలు ఎట్లో కూర్చుండి కాలము పుచ్చవచ్చును. రాత్రి నిద్ర యెట్లు? ఈ ప్రశ్నకు చక్కని పరిష్కారము చూపి, దానివలన గొప్ప ధనవంతుడైనవాడు జార్జి పుల్మన్.

ఆయన 1867లో ఒక సంస్థను స్థాపించి, పడకలు గల రైలు పెట్టెలను నిర్మింపజేసెను. పగటివేళ ఆ పెట్టెలో మెత్తని ఆసనములు ఎదురెదురుగా నుండును. రాత్రి కాగానే రెండాసనములను కలిపినచో క్రింది పడక యగును. పైకప్పు చెంత మడిచియుంచిన పలకను దించినచో మీది పడక యగును. తెల్లని దుప్పట్లు పఱచి, దళసరి తెరలు దించినచో ప్రయాణికునకు తన యింట నున్నట్లే తోచును. పుల్మన్ సంస్థ ఈ పెట్టెలను తన యధీనముననే యుంచుకొని, రైలుకంపెనీల బండ్లకు తగిలించి, పడకకు ప్రత్యేకముగా రుసుము తీసికొనుచుండెను. 1920 తరువాతి సంవత్సరములలో రాత్రికి సుమారు లక్షమంది పుల్మన్ పెట్టెలలో నిద్రించుచుండిరి.

అంతమంది సుఖనిద్రకై మేలుకొనియుండినవారు పోర్టర్లు. వీరు నల్లజాతివారు. బానిసత్వము 1865లో రద్దైన తరువాత, విముక్తులైనవారిని పుల్మన్ సంస్థ తక్కువ జీతమునకు కొలువులో చేర్చుకొనెను. పడకలు పఱచుట, జోళ్లకు మెఱుగు పెట్టుట, పిలిచినంతనే పలుకుట వారి పనులు. నెలకు 400 గంటలు పనిచేయవలసి యుండెను. వారికి స్వంత పేరైనను దక్కలేదు. యజమాని పేరు పెట్టి “జార్జీ!” అని ప్రయాణికులు వారిని పిలుచుచుండిరి. 1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వమున పోర్టర్లు సంఘముగా ఏర్పడిరి. పండ్రెండేండ్లు పోరాడి 1937లో సంస్థతో ఒడంబడిక సాధించిరి. జీతము హెచ్చెను, పనిగంటలు తగ్గెను.

ఇంతలో పెట్టెల యాజమాన్యమే మాఱు కాలము వచ్చెను. పెట్టెలను తయారుచేయుటయు, వానిని నడపుటయు ఒక్క సంస్థ చేతిలోనే యుండుట తగదని 1940లో ప్రభుత్వము వ్యాజ్యము వేసెను. ఆ రెండింటిని విడదీయవలెనని న్యాయస్థానము తీర్పు చెప్పెను. అంతట 57 రైలుకంపెనీలు కలిసి 1947లో నడపు శాఖను కొనెను. క్రొత్త యజమానులు తుప్పు పట్టని ఉక్కుతో తళతళలాడు పెట్టెలను చేయించిరి. అయినను కాలము అనుకూలింపలేదు. విశాలమైన రహదారులు వెలసెను. జెట్ విమానములు ఎగురసాగెను. రైళ్లలో పడకలు ఖాళీగా మిగిలెను. 1968 డిసెంబరు 31వ తేదీతో పుల్మన్ సంస్థ నిద్రపెట్టెల సేవ ముగిసెను.

ప్రయాణికుల రైళ్లు నశింపకుండ కాపాడుటకై ప్రభుత్వము ఆమ్‌ట్రాక్ అను సంస్థను నెలకొల్పెను. అది 1971 మే 1న రైళ్లను నడపనారంభించెను. పాత కంపెనీల పెట్టెలలో మేలైనవి సుమారు 1,200 ఎంచి తీసికొనెను. ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క రంగగుటచే, ఒకే బండిలో పలురంగుల పెట్టెలు కనిపించుచుండెను. రంగుకంటె పెద్ద చిక్కు వేడిది. ఇంజనులో పుట్టిన ఆవిరి గొట్టముల ద్వారా ప్రతి పెట్టెకును చేరి గదులను వెచ్చజేయవలెను. గొప్ప చలిలో ఆ గొట్టములు గడ్డకట్టుచుండెను. 1977 జనవరి చలికి పలు రైళ్లను ఆపివేయవలసి వచ్చెను. పిదప ఇంజనునుండి విద్యుచ్ఛక్తి తెచ్చుకొని వేడిచేసికొనునట్లు అనేక పెట్టెలను మార్చిరి. ఇండియానా రాష్ట్రములోని బీచ్ గ్రోవ్ కర్మాగారము ఈ పనికి ప్రధాన స్థానము.

ఇట్లు బాగుపడిన పెట్టెలు మఱికొన్ని యేండ్లు నడచెను. కాని వాని మరుగుదొడ్ల మలినము పట్టాలపైననే పడుచుండెను. ఈ ఆచారము మానవలెనని చట్టము వచ్చెను. చిన్న చిన్న గదులలో దేనికదియే మరుగుదొడ్డి గల పెట్టెలకు తొట్లు అమర్చుట మిక్కిలి ప్రయాసము. అందుచే 1990 తరువాత క్రొత్త పెట్టెలు రాగా, పాతవి సెలవు తీసికొనెను. కొన్ని తుక్కుగా మాఱెను. కొన్నింటిని సంపన్నులు కొని స్వంతమునకు వాడుకొనిరి. కొన్ని ప్రదర్శనశాలలు చేరెను.

పొరుగుననున్న కెనడాలో కథ వేఱు. అచ్చట ఒక రైలుకంపెనీ 1955లో ‘కెనడియన్’ అను బండిని ప్రారంభించెను. అందులకై చేయించిన ఉక్కు పెట్టెలు 173. 1978లో అవి ప్రభుత్వ సంస్థయైన వయా రైల్ వశమయ్యెను. ఆ సంస్థ వానిని విడువక, 1990 తరువాతి యేండ్లలో ఆవిరి తీసివేసి విద్యుత్తు పెట్టించి, స్నానపు సౌకర్యము చేర్చెను. టొరంటో, వాంకూవరుల నడుమ నేటికిని ప్రయాణికులు ఆ పాత పడకలపై నిద్రించుచున్నారు. యజమాని మాఱుటవలన వస్తువు చెడదు. బాగుచేయువాడు లేనప్పుడే చెడును.

మఱి పోర్టర్ల సంగతి? వారి సంఘములో ఆరితేరినవారు పెద్ద పోరాటములకు పూనుకొనిరి. 1955లో మాంట్‌గోమరీ నగరమున బస్సుల బహిష్కరణకు నడుము కట్టినవారిలో ఈ. డి. నిక్సన్ అను పోర్టరు ముఖ్యుడు. 1963లో వాషింగ్టనుకు సాగిన మహాయాత్రకు రాండాల్ఫ్ నాయకుడు. పెట్టెలు చేతులు మాఱి, ఎవరి దయకో లోబడి బ్రదికెను. “జార్జీ” అని పిలువబడినవారు మాత్రము తమ పేళ్లను తామే సంపాదించుకొనిరి.

ప్రశ్నలు

1. పుల్మన్ పెట్టెలో పడకలు ఎట్లు అమర్చబడుచుండెను?
2. పోర్టర్ల కష్టములెట్టివి? వారు వానిని ఎట్లు తొలగించుకొనిరి?
3. అమెరికాలోని పాత నిద్రపెట్టెలకును, కెనడా పెట్టెలకును కలిగిన గతులను పోల్చి వ్రాయుము.