గ్రూపు తీసుకునే ముందు

నెల్లూరు

చి. అమ్ములుకు,

లెక్కల్లోనూ సైన్సులోనూ సరిసమానంగా మార్కులు తెచ్చుకుని ఇంట్లో తగువు పెట్టావంట! మీ నాయన ఎంపీసీ అంటున్నాడని, మీ అమ్మ బైపీసీ అంటున్నదని, నువ్వేమో ‘ఏదైనా సరే’ అంటున్నావని తెలిసింది. వాళ్లిద్దరి మాటల్తో నాకు పేచీ లేదు. నీ ‘ఏదైనా సరే’ మాత్రం నచ్చలేదు. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి వదిలేస్తావని జాబు రాస్తున్నా.

రెండేళ్ల తర్వాత నువ్వు ఏ దరఖాస్తు నింపబోతున్నావు? అందులో ఇంటర్‌లో ఏయే సబ్జెక్టులు చదివి ఉండాలని అడుగుతారు? ముందు అది చూసి, అక్కణ్నుంచి వెనక్కి వచ్చి గ్రూపు తేల్చుకో. మన ఊళ్లో అందరూ తిరగేసి చేస్తారు. పక్కింటి పిల్ల ఏది తీసుకుంటే అది తీసుకుని, రెండో ఏడాది చివర్లో నోటిఫికేషన్లు వెతుకుతారు.

బైపీసీ అంటే డాక్టరే అని మీ అమ్మ లెక్క. నీట్ పరీక్ష 720 మార్కులకు, దేశం మొత్తానికీ ఒకటే. ఏటా 20 లక్షల మందికి పైగా రాస్తున్నారు. సీటు రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్ అంటారు, మళ్లీ రాకపోతే మళ్లీ లాంగ్ టర్మ్. అలా వయసు గడిపేసిన పిల్లల్ని ఈ నెల్లూరులో చాలామందిని చూశా. ఆ గ్రూపుకు వేరే దారులున్నాయని వాళ్లకు ఎవరూ చెప్పరు. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ బైపీసీ వాళ్లకూ ఉంది. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, ఫిజిక్స్, కెమిస్ట్రీ తలా 40, మొత్తం 160 ప్రశ్నలు. తప్పు రాస్తే మార్కు కోయరు. ఆ ర్యాంకుతోనే అగ్రికల్చర్ బీఎస్సీ, ఆ ర్యాంకుతోనే బీఎఫ్ఎస్సీ. ఆ రెండోదాని కోసం నువ్వు ఎక్కడికో పోనక్కర్లేదు. ముత్తుకూరులో 1991 నుంచి మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. నాలుగేళ్ల డిగ్రీ. నువ్వు బస్సులో దాని ముందు నుంచి ఎన్నిసార్లు పోయుంటావో!

ఇది ఊరికే చెప్పడం లేదు. పోయిన వేసవిలో మీ రొయ్యల గుంట గట్టు మీద నీ పని చూశా. చెక్ ట్రే పైకి లాగి, రొయ్యను వెలుతురుకు ఎత్తి పట్టి, వీపులో నల్లగా పేగు నిండుగా ఉందా, మధ్యలో తెగిందా అని చూసి, ‘నాయనా, ఈ పూట మేత తగ్గించు’ అన్నావు. నీళ్లలో ఆల్కలినిటీ ఎంతుందో కిట్‌తో చుక్కలు లెక్కపెడుతూ చూసి పుస్తకంలో రాశావు. ఒకటి జంతుశాస్త్రం, రెండోది కెమిస్ట్రీ. బళ్లో అవే పాఠాలు వచ్చినప్పుడు నీకు ఆవులింతలొచ్చాయంటే తప్పు నీది కాదులే.

అయినా గుంటల మీద మోజుతో మాత్రం గ్రూపు తీసుకోవద్దు. టైగర్ రొయ్యను వైట్ స్పాట్ తెగులు ఊడ్చుకుపోయింది. 2009 నుంచి వెనామీ రొయ్య వచ్చి నిలబెట్టింది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచేసరికి మీ నాయనకు నిద్ర పట్టలేదు. కానీ చదువుకున్నవాళ్లు రొయ్యల రేటు ఒక్కదాని మీదే బతకరు. హేచరీలున్నాయి, ల్యాబులున్నాయి, మేత కంపెనీలున్నాయి, మత్స్యశాఖ ఉంది, పరిశోధన ఉంది. ఈ తేడా మీ నాయనకు కూడా చెప్పు. ఆయన బైపీసీ వద్దంటున్నది రొయ్యల మీద కోపంతో.

ఇక ఎంపీసీ. ఈఏపీసెట్‌లో లెక్కలకే 80, మిగతా రెండింటికీ చెరి 40. ర్యాంకు కట్టేటప్పుడు ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది, బైపీసీకైనా అంతే. భాషల్లో వచ్చే మార్కులు అక్కడ లెక్కకు రావు. కానీ జేఈఈతో ఎన్ఐటీకో ఐఐటీకో పోవాలంటే, జనరల్ కేటగిరీ పిల్లలకు ఇంటర్‌లో 75 శాతమో, బోర్డులో పై 20 పర్సంటైలో అడుగుతారు. అక్కడ ఇంగ్లీషు కూడా లెక్కలోకి వస్తుంది. కృష్ణపట్నంలో ఓడలు చూసి మన పిల్లలు మర్చంట్ నేవీ అంటుంటారు. అందులో ఆఫీసరు కావాలన్నా ఎంపీసీయే చదవాలి. రంగులు గుర్తుపట్టడంలో లోపముంటే డెక్ మీద ఉద్యోగం రాదు కాబట్టి, మీ తమ్ముడు ఆ మాటెత్తితే ముందు కళ్ల డాక్టరు దగ్గరికి పంపండి.

లెక్కలు వదలాలంటే నీకు ప్రాణం ఒప్పకపోతే ఒక దారి ఉంది. 2025-26 నుంచి మన ఇంటర్ బోర్డు ఎంబైపీసీ తెచ్చింది. లెక్కలూ, జీవశాస్త్రమూ రెండూ చదవొచ్చు. భారం ఎక్కువే, నిజం. కానీ తిరుపతి ఐసర్‌కు రాసే పరీక్షలో 60 ప్రశ్నలుంటాయి, జీవశాస్త్రం, కెమిస్ట్రీ, లెక్కలు, ఫిజిక్స్ తలా 15. మూడు సబ్జెక్టులు చదివినవాళ్లూ రాయొచ్చుగానీ, నాలుగూ చదివినవాళ్లకు అక్కడ తేలిక. పరిశోధన మీద మనసుంటే అదొక్కటి గుర్తుంచుకో. ఇంకోటి, 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన నోటీసుతో, ఇంటర్ అయ్యాక జీవశాస్త్రం అదనంగా చదివి పాసైనవాళ్లు కూడా నీట్ రాయొచ్చు. ఎంపీసీ తీసుకుంటే వైద్యం తలుపు మూసుకుపోతుందని మీ అమ్మ ఏడవనక్కర్లేదు. బైపీసీ నుంచి కంప్యూటర్ ఇంజనీరింగుకు పోవడం మాత్రం అంత సులువు కాదు.

నన్నడిగితే నీకు బైపీసీ. ఎంబైపీసీ దగ్గర్లోని కాలేజీలో బాగా చెబుతుంటే అది. లాంగ్ టర్మ్ వద్దని ఇప్పుడే ఇంట్లో ఒప్పందం చేసుకో.

కాలేజీ సంగతి. రొయ్య సీడు కొనేటప్పుడు పీసీఆర్ రిపోర్టు చూపిస్తేగానీ అడ్వాన్సు ఇవ్వని మీ నాయన, కాలేజీకి మాత్రం రోడ్డు మీద ర్యాంకుల ఫ్లెక్సీ చూసి డబ్బు కట్టేస్తాడు. 1979లో నారాయణ విద్యాసంస్థల నారాయణగారు లెక్కల ట్యూషన్ మొదలుపెట్టిన ఊరిది. ఇక్కడ ఫ్లెక్సీలకు కొదవా? నువ్వు వెంట వెళ్లి ల్యాబు చూపించమను. బ్యూరెట్ల కుళాయి బిగుసుకుపోయిందేమో తిప్పి చూడు, మైక్రోస్కోపు కవరు మీద దుమ్ము చూడు. రికార్డులు కాపీ కొట్టించి ప్రాక్టికల్స్ అయ్యాయనిపించిన కాలేజీని నేనెరుగుదును. అక్కడ చదివిన పిల్లలకు పిపెట్ పట్టుకోవడం డిగ్రీలోగానీ రాలేదు. సీనియర్ పిల్లనొకదాన్ని పక్కకు పిలిచి, జంతుశాస్త్రం సార్లు ఈ ఏడాది ఎంతమంది మారారో అడుగు. హాస్టల్లో ఆదివారం ఇంటికి పంపుతారో లేదో కూడా కనుక్కో. అది చిన్న విషయం కాదు.

అడ్మిషన్ డబ్బు కట్టే ముందు నాకు ఫోన్ చేయి. కట్టినదాంట్లో ఎంత తిరిగిస్తారో రసీదు మీద రాయించుకోవాలి, ఆ మాట నేను మాట్లాడతా.

ఇట్లు,
మీ పెదనాయన