నిరాశ్రయులకు తోడూ నీడా

 

రాత్రి పదకొండు దాటాక సికింద్రాబాద్ రైల్వేస్టేషన్ పరిసరాల్లో నడిచి చూడండి. మూసిన దుకాణాల ముందు, ఫుట్‌పాత్‌ మీద మనుషులు పడుకుని కనిపిస్తారు. గాంధీ ఆసుపత్రి చుట్టుపక్కలా అంతే. వారిలో హమాలీలున్నారు, చిత్తుకాగితాలు ఏరుకునేవారున్నారు, పిల్లలు వదిలేసిన వృద్ధులున్నారు, మతిస్థిమితం తప్పినవారున్నారు. రమజాన్‌లో మనం వారికి అన్నం పొట్లాలు పంచుతాం, చలికాలంలో దుప్పట్లు కప్పుతాం. అది పుణ్యకార్యమే, సందేహం లేదు. అయితే తెల్లవారేసరికి ఆ మనిషి ఆ దుప్పటితో సహా అదే ఫుట్‌పాత్‌ మీద ఉంటాడు. అతణ్ణి ఒక ఇంటికి చేర్చడమెలా? చేర్చాక అతను అక్కడ నిలదొక్కుకునేలా చూడటమెలా? ఈ పాఠంలో దీన్నే పరిశీలిద్దాం.

మదీనా చూపిన పద్ధతి

మక్కా నుంచి మదీనాకు వలస వచ్చిన ముహాజిర్లు ఇల్లూ ఆస్తీ వదులుకుని వచ్చారు. వారందరినీ ఒకే శిబిరంలో ఉంచి అన్నం పెట్టవచ్చు. కాని మహాప్రవక్త (స) అలా చేయలేదు. ఒక్కొక్క ముహాజిర్‌ను ఒక్కొక్క అన్సారీతో జతచేసి వారిని సోదరులుగా ప్రకటించారు. అన్సార్లు తమ ఖర్జూర తోటలను సగం పంచి ఇస్తామన్నారు. ఆయన (స) అందుకు ఒప్పుకోలేదు. ముహాజిర్లు తోటల్లో పనిచేస్తారు, పంటలో పాలు తీసుకుంటారు అనే ఏర్పాటు జరిగింది. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు ఆయన అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వబోయారు. ఆయన దుఆ చేసి, బజారు ఎటుందో చూపమని మాత్రమే అడిగారు. వెన్న, జున్ను అమ్మి తన కాళ్లపై తాను నిలబడ్డారు. ఖైబర్ విజయం తర్వాత ముహాజిర్లు అన్సార్ల చెట్లను వారికి తిరిగి అప్పగించారు.

ఇల్లూ కుటుంబం లేకుండా మిగిలినవారికి మస్జిదె నబవీలో నీడ ఉన్న అరుగు దొరికింది. వారే అస్హాబె సుఫ్ఫా. ఇద్దరికి సరిపడా అన్నం ఉన్నవారు వారిలో ఒకరిని మూడో మనిషిగా తీసుకువెళ్లాలని ప్రవక్త (స) చెప్పారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ముగ్గురిని తీసుకువెళ్లారు. ప్రవక్త (స) స్వయంగా పదిమందిని తీసుకువెళ్లారు.

ఇక్కడే ఇంకొక స్త్రీని గుర్తు చేసుకోవాలి. ఆమె విడుదల పొందిన బానిస. తాను ఉంటున్న తెగవారు పోయిన నగను ఆమే దొంగిలించిందని నిందించి, అవమానకరంగా సోదా చేశారు. చివరికి ఆ నగను ఎత్తుకుపోయిన గద్దే దాన్ని వారి మధ్య పడేసింది. ఆమె వారిని వదిలి మదీనా వచ్చి ఇస్లాం స్వీకరించింది. మస్జిద్‌లో ఆమెకు చిన్న గుడారం ఏర్పడింది. ఆమె తరచూ హజ్రత్ ఆయిషా (రజి) దగ్గరికి వచ్చి కూర్చునేది. ప్రతిసారీ ఆ నగ రోజును తలచుకునేది. ఆ మాటే ఎందుకు అంటున్నావని ఆయిషా (రజి) అడిగారు, ఆమె గాథంతా విన్నారు. గుడారం ఆమెకు నీడ అయింది, వినే మనిషి తోడు అయింది. ఈ రెండూ కలిస్తేనే అది నివాసం.

మన నగరం అనుభవం

2017 నవంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. దానికి ముందు పోలీసులు భిక్షాటనను నిషేధించారు. రోడ్ల మీది బిచ్చగాళ్లను వాహనాల్లో ఎక్కించి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆనందాశ్రమాలకు తరలించారు. వారికి పైకప్పు ఉంది, భోజనం ఉంది. కాని వారిని ఎవరూ ‘వస్తారా?’ అని అడగలేదు. చాలామందిని ఇక అడుక్కోబోమని హామీపత్రం రాయించుకుని పంపేశారు. వీధి ఖాళీ చేయడం వేరు, మనిషిని ఇంటికి చేర్చడం వేరు.

2015 నవంబరులో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 396 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ప్రారంభమయ్యాయి. అక్కడ అంతకుముందు శిథిలమైన ఇళ్లలో ఉన్నవారికి అవి ఎంతో మేలు చేశాయి. అయితే ఇలాంటి పథకాలు చిరునామా, రేషన్ కార్డు ఉన్నవారికే అందుతాయి. ఫుట్‌పాత్‌ మీది మనిషికి చిరునామా లేదు కనుక కార్డు రాదు. కార్డు లేదు కనుక ఇల్లు రాదు. 2011 జనగణనలో దేశమంతటా ఇలాంటి వారు 17.7 లక్షల మంది అని తేలింది.

చట్టం వీరిని పూర్తిగా మరచిపోలేదు. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక వసతి కేంద్రం ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. ఇల్లు లేదన్న కారణంగానో, కుటుంబం రానివ్వదన్న కారణంగానో ఎవరినీ మానసిక ఆసుపత్రిలో ఉంచేయకూడదని, సమాజం మధ్య బతికే హక్కు వారికుందని చెప్పింది. చెన్నైలోని ‘ది బన్యన్’ సంస్థ 2015 నుంచి ఇదే పని చేసి చూపుతోంది. ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయినవారిని నలుగురైదుగురి చొప్పున మామూలు వీధుల్లోని అద్దె ఇళ్లలో ఉంచి, వారికి తోడుగా మనుషులను ఏర్పాటు చేస్తోంది.

మస్జిద్ కమిటీ చేయగలిగింది

ఒక మస్జిద్ పరిధిలో ఒక్క అద్దె ఇల్లు, ముగ్గురు మనుషులు. ఇంతటితో మొదలుపెట్టవచ్చు.

1. ముందు పరిచయం. ప్రతి వారం ఆ ఇద్దరే వెళ్లాలి. పేరు అడగాలి, కష్టం వినాలి. రానంటే బలవంతం చేయకూడదు. మోండా మార్కెట్‌లో తెల్లవారుజామున మూటలు దించే హమాలీని ఊరి చివర గదిలో పెడితే అతని కూలి పోతుంది. అతను నిరాకరించడంలో న్యాయముంది.

2. ఎవరికి ముందు? మొదట అడిగినవారికి కాదు, ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నవారికి. జబ్బుపడినవారు, వృద్ధులు, ఒంటరి స్త్రీలు ముందుండాలి. స్త్రీలకు ఇల్లు వేరుగా, స్త్రీల పర్యవేక్షణలో ఉండాలి. వృద్ధులకు మెట్లు లేని ఇల్లు చూడాలి.

3. కాగితాలు. అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, కమిటీ జామీనుగా నిలవాలి. ఆ చిరునామాతో ఆధార్, బ్యాంకు ఖాతా, పింఛను దరఖాస్తు వరుసగా పూర్తి చేయించాలి.

4. తోడు. మొదటి నెలల్లోనే ఎక్కువమంది తిరిగి వీధికి వెళ్లిపోయే ప్రమాదముంది. నిశ్శబ్దమైన గది కొందరికి భయం కలిగిస్తుంది. వారానికి రెండుసార్లు ఎవరో ఒకరు వెళ్లాలి. మందులు వేసుకుంటున్నారా, పొయ్యి వెలుగుతోందా, పొరుగువారితో సఖ్యంగా ఉన్నారా చూడాలి. వెళ్లిపోయినవారి పేరు కొట్టేయకండి, మళ్లీ పిలవండి.

5. తాగుడు. ‘తాగేవాడికి ఇల్లేమిటి?’ అని కొందరు అడుగుతారు. మద్యం హరామ్, అందులో రెండో మాట లేదు. కాని మద్యం తాగి పదేపదే పట్టుబడిన ఒక మనిషిని సహచరులు శపించబోతే, అతనికి అల్లాహ్ మీద, ఆయన ప్రవక్త మీద ప్రేమ ఉందంటూ ప్రవక్త (స) వారించారు. వీధిలో ఉండి వ్యసనం మానడం కష్టం. చికిత్సకు తీసుకువెళ్లడానికైనా అతను ఎక్కడుంటాడో మనకు తెలియాలి కదా!

6. లెక్క. జకాత్ సొమ్ము అర్హుడి చేతికి చేరాలని అధిక సంఖ్యాక ధర్మవేత్తలు చెబుతారు. అందువల్ల అద్దె మొత్తాన్ని అతనికే ఇచ్చి అతనిచేత కట్టించడం మేలు. మిగతా ఖర్చులకు సదఖా వాడాలి. సదఖాకు మతం అడ్డు కాదు, ముస్లిమేతర సోదరులకూ ఈ తలుపు తెరిచే ఉండాలి. సందేహముంటే మీ ఆలిమ్‌ను అడగండి. సాయం పొందినవారి ఫొటోలు తీసి పంచకండి. వారి గౌరవం మన దగ్గర అమానత్.

ఆలోచించండి

మీ మస్జిద్ నుంచి ఇంటికి వెళ్లే దారిలో రాత్రిపూట ఎంతమంది పడుకుని ఉంటారు? వారిలో ఒక్కరి పేరైనా మీకు తెలుసా? నిరుడు దుప్పట్లకు చేసిన ఖర్చుతో ఒక గది అద్దె ఎన్ని నెలలు కట్టవచ్చు? వచ్చే జుమా తర్వాత కమిటీ సభ్యులతో కూర్చుని ఈ మూడు ప్రశ్నలూ చర్చించండి.

అల్లాహ్ మనకు అన్సార్ల హృదయ వైశాల్యాన్ని ప్రసాదించుగాక! నీడ లేనివారికి నీడనూ, తోడు లేనివారికి తోడునూ మన ద్వారా చేర్చుగాక! ఆమీన్.