నల్ల కుక్క – కెమెరా కొలత

మా పొరుగింట పన్నెండేళ్లు పెరిగిన నల్ల లాబ్రడార్ నిరుడు కన్నుమూసింది. ఆ ఇంటి అబ్బాయి మా కళాశాల విద్యార్థి. జ్ఞాపకార్థం పటం కట్టించుకొందామని తన ఫోనులోని ఛాయాచిత్రాలు నాకు చూపినాడు. ఒకదానిలో తెల్లని గోడ ముందు నల్లని ముద్ద. కళ్లెక్కడో, ముక్కెక్కడో తెలియదు. మరొకదానిలో కుక్క ముఖమే చిత్రమంతా నిండి ఉన్నది; కాని నిగనిగలాడవలసిన నలుపు బూడిద రంగుకు తిరిగినది. “కెమెరా చెడిపోయిందా, సార్?” అని అడిగినాడు. చెడిపోలేదు. అది తన నియమాన్ని తాను పాటించినది. ఆ నియమాన్ని తెలుసుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫిల్ము మీదనైనా, సెన్సారు మీదనైనా పడనిచ్చే కాంతి మొత్తాన్ని ఎక్స్‌పోజర్ అంటారు. దానిని నిర్ణయించే మీటరుకు కుక్క అనీ, గోడ అనీ భేదం లేదు. వస్తువు నుండి తిరిగివచ్చే వెలుతురును మాత్రమే అది కొలుస్తుంది. ఎదుటి దృశ్యం సగటున మధ్యరకపు బూడిద రంగులో ఉన్నదనీ, తనపై పడిన కాంతిలో సుమారు 18 శాతం తిప్పి పంపుతున్నదనీ భావించి లెక్క కడుతుంది. నేటి ఫోన్లు దృశ్యాన్ని బట్టి కొంత సవరించుకొన్నా మూలసూత్రం ఇదే.

ఇందువలన రెండు పరస్పర విరుద్ధమైన పొరపాట్లు కలుగుతాయి. నల్లని బొచ్చు చిత్రమంతా నిండినప్పుడు మీటరు “వెలుతురు చాలదు” అనుకొని ఎక్స్‌పోజర్ పెంచుతుంది. నలుపు బూడిద అవుతుంది. అప్పుడు ఒకటి, ఒకటిన్నర స్టాపులు తగ్గించాలి. ఒక స్టాపు తగ్గించడమంటే కాంతిని సగం చేయడం. కుక్క చిన్నదిగా, వెనుక తెల్లగోడయో ఆకాశమో పెద్దదిగా ఉన్నప్పుడు మీటరు “వెలుతురు ఎక్కువ” అనుకొని తగ్గిస్తుంది. కుక్క చీకటిలో కలిసిపోతుంది. అప్పుడు ఒక స్టాపు పెంచాలి. కనుక “నల్ల కుక్కకు తగ్గించాలి” అని సూత్రం కంఠస్థం చేస్తే చాలదు. చిత్రంలో ఏది ఎంత చోటు ఆక్రమించినదో చూడాలి.

1940 ప్రాంతంలో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన జోన్ పద్ధతి ఈ విషయాన్ని చక్కగా వివరిస్తుంది. అందులో అయిదవ జోను మధ్యరకపు బూడిద. మూడవది వివరాలు కనిపించే ముదురు ఛాయ. నల్లని బొచ్చును మాత్రమే కొలిచి, రెండు స్టాపులు తగ్గిస్తే అది మూడవ జోనులో నిలుస్తుంది. నలుపు నలుపుగానే ఉంటుంది, వెంట్రుకలూ కనిపిస్తాయి.

ఇంకొక సులభోపాయం ఉన్నది. కుక్క ఉన్న వెలుతురులోనే ఉన్న పచ్చగడ్డిని కొలిచి, ఆ కొలతను మార్చకుండా చిత్రం తీయవచ్చు. పచ్చగడ్డి ఇంచుమించు మధ్యరకపు ఛాయయే. ఫోనులోనైతే తెరపై కుక్క ముఖాన్ని తాకి, అది బూడిదగా మారితే వెలుగును కొద్దిగా కిందికి జరపాలి.

కొలత ఎంత సరియైనదైనా వెలుతురు అనుకూలించాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో వీపు మెరుస్తుంది, ముఖం నీడలో మునుగుతుంది. ఉదయంపూట వరండా నీడలో కుక్కను బయటి ఆకాశం వైపు తిప్పి కూర్చోబెడితే కంటిలో వెలుగుచుక్క మెరుస్తుంది. ఆ చుక్కయే చిత్రానికి ప్రాణం. వెనుక తెల్లగోడకు బదులు చెట్టో, మట్టినేలయో ఉండడం మేలు.

ఆ అబ్బాయి చిత్రాన్ని ఫోనులో ఎంత వెలిగించి చూసినా కళ్లు తేలలేదు. చీకటిలో నమోదు కాని వివరం తరువాత ఎవరూ తీసుకొని రాలేరు. తెల్లగోడ ముందు తరగతి సామూహిక చిత్రం తీసేటప్పుడు నల్లని ముఖాలకూ ఇదే పాఠం వర్తిస్తుంది. యంత్రం సగటును కొలుస్తుంది. ఎదుటనున్న వానిని చూడవలసిన బాధ్యత మనది.