గుండెలో దాగిన లోపం – శవపరీక్షకే పరీక్ష

ఆటస్థలంలో మిత్రుడు కళ్ళు తిరిగి పడిపోతే నీరసమనుకొని, నీళ్ళు చల్లి వదిలేస్తుంటాం. దాని వెనుక పుట్టుకతో వచ్చిన గుండె లోపం దాగి ఉండవచ్చు. ఒక్కోసారి అది శవపరీక్ష చేసే వైద్యులకు సైతం వెంటనే దొరకదు.

2003 జూన్ 26న ఫ్రాన్సులోని లియోన్‌లో కొలంబియాతో కాన్ఫెడరేషన్స్ కప్ సెమీఫైనల్ ఆడుతూ కామెరూన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు మార్క్ వివియన్ ఫోయె 72వ నిమిషంలో కుప్పకూలి మరణించాడు. వయస్సు 28. మొదటి శవపరీక్షలో కారణం తేలలేదు. రెండవ పరీక్షలో గుండె కండరం మందమయ్యే జబ్బు బయటపడింది. ఇది ఎక్కువగా వంశపారంపర్యంగా వస్తుంది.

కొన్ని జన్యులోపాల్లో గుండె ఆకారం మామూలుగానే ఉంటుంది, విద్యుత్ ప్రసారం మాత్రమే దెబ్బతింటుంది. అప్పుడు కోసి చూసినా, సూక్ష్మదర్శినితో చూసినా ఏమీ కనిపించదు. జన్యు పరీక్ష అవసరమవుతుంది.

తగాదా తర్వాత మరణిస్తే చిక్కు మరింత పెరుగుతుంది. చంపింది దెబ్బా, లోపమా? జబ్బు మనిషిని గాయపరచి మరణాన్ని త్వరపరిస్తే ఆ మరణానికి కారకుడైనట్లేనని 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 100వ సెక్షన్ చెబుతోంది. అయితే జబ్బు సంగతి తెలిసి కొట్టాడా, తెలియక కొట్టాడా అన్నదాన్నిబట్టి అది హత్య అవునా కాదా అన్నది మారవచ్చు. కనుక నివేదికలో గాయం, లోపం రెండూ నమోదు కావాలి.

కారణం తేలడం బ్రతికున్నవారికీ ముఖ్యమే. వంశపారంపర్య లోపమైతే తోబుట్టువులు ఈసీజీ, ఎకో పరీక్షలు చేయించుకోవాలి. ఇకపై ఆడుతూ స్పృహ తప్పినవారిని నీళ్ళు చల్లి వదిలేయక, వార్డెన్ గారికి చెప్పి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళదాం.