క్యాబేజీ మన చేలలో ఏల పూయదు?

వంగ, బెండ, మిరప విత్తనములను ఇంటనే దాచుకొను రైతు క్యాబేజీ విత్తనమును మాత్రము ఏటేట కొనవలసి వచ్చుచున్నది. గడ్డను కోయక మన మైదానపు చేలలో విడిచినచో అది పగిలి కుళ్లునే గాని సాధారణముగా పూచి కాయదు. ఇది నేల లోపము కాదు, ఎరువు లోపమును కాదు. కారణము మొక్కలోనే యున్నది.

వేరులోని కణమునందును, ఆకులోని కణమునందును ఉండు జన్యువులు ఒక్కటియే. ఏవి పనిచేయవలెను, ఏవి మూతపడవలెను అనుటలోనే భేదమున్నది. కండెకు దారము చుట్టినట్లు జన్యుపదార్థము మాంసకృత్తుల ఉండలకు చుట్టుకొని యుండును. ఆ ఉండలపై కొన్ని రసాయనపు గుర్తులు చేరినచో చుట్ట బిగిసి, అచ్చటి జన్యువు పని మానును. అది చెరిగిపోదు, మూతపడును.

ఆవాల కుటుంబమునకు చెందిన అరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో పూతను అడ్డగించు జన్యువును అమెరికా, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1999లో వేరుపరచిరి. దాని పేరు ఎఫ్.ఎల్.సి. ఐరోపాలో శరత్కాలమున మొలచు రకములలో ఈ జన్యువు పనిచేయుచున్నంతకాలము మొక్క పూయదు. వారముల తరబడి చలి సోకిన పిమ్మట గుర్తులు క్రమముగా చేరి దానిని మూసివేయును. వసంతమున వెచ్చదనము వచ్చినను ఆ మూత ఊడదు. కణము చీలినపుడు గుర్తులు పిల్లకణములకును సంక్రమించును. చలికాలము గడచినదని మొక్క జ్ఞాపకముంచుకొను విధమిదియే. గింజ ఏర్పడునపుడు ఆ గుర్తులు తుడిచివేయబడును. కావున పిల్లమొక్క తన చలికాలమును తానే గడపవలెను.

క్యాబేజీయు ఈ కుటుంబములోనిదే. దానియందును ఇట్టి జన్యువులు గలవు. లేతనారుకు చలి తగిలినను ప్రయోజనము లేదు. కొంత ఎదిగిన మొక్కకు సుమారు 10 డిగ్రీలు, లేక అంతకు తక్కువ చలి అనేక వారములు కావలెను. మన మైదానములలో అట్టి చలి నిలువదు. అందుచేతనే హిమాచల ప్రదేశ్‌లోని కులూ లోయ వంటి శీతల ప్రాంతములలో విత్తనము పండించుచున్నారు.

కనుక విత్తనముపై ఆశతో గడ్డలను చేనిలో నిలిపి నీటిని, కాలమును వ్యర్థపరచవలదు. గడ్డ గట్టిపడగనే కోయుటయే లాభము. విత్తనము కొనునపుడు సంచిపైని పరీక్ష తేదీని చూచి, రసీదును పంట ముగియువరకు భద్రపరచుకొనుడు.