పాత పికప్ ట్రక్కులో క్రూయిజ్ కంట్రోల్ మొరాయిస్తే...

ఫీడ్‌బ్యాక్ సూత్రం చెప్పేటప్పుడు మన లెక్చరర్లు తరచు తీసుకునే ఉదాహరణ క్రూయిజ్ కంట్రోల్. బోర్డు మీద అది నాలుగు పెట్టెలు, నాలుగు బాణాలు. పరీక్షలో మార్కులకు అంత చాలు. కాని అదే యంత్రం ముప్ఫై ఏళ్ళు ఎండకూ వానకూ తిరిగిన ఒక పికప్ ట్రక్కులో పనిచేయడం మానేస్తే, ఆ బొమ్మలో లేని సంగతులెన్నో తెలుసుకోవలసి వస్తుంది. ఉద్యోగరీత్యా అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో ఉంటున్న నేను అలాంటి ట్రక్కుతో కుస్తీపట్టి నేర్చుకున్నది మీతో పంచుకుందామని ఈ చిన్న వ్యాసం.

పుట్టు పూర్వోత్తరాలు

దీన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ అంధుడు. అయిదేళ్ళ వయసులో ప్రమాదవశాత్తు చూపు పోగొట్టుకున్నా, ఇంజనీరై, 1936లో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. కారు నడిపే మిత్రుడొకడు మాటల్లో పడి వేగం పెంచుతూ తగ్గిస్తూ ఉంటే ఆ కుదుపులకు విసుగెత్తి ఈ ఆలోచన చేశాడని చెబుతారు. 1950లో పేటెంటు వచ్చింది. 1958లో క్రిస్లర్ కంపెనీ కార్లలో ఇది మొదటిసారి అమ్మకానికి వచ్చింది.

పనిచేసే తీరు

1990 ప్రాంతపు పికప్పులు చాలావాటిలో ఏర్పాటు ఇది. గేరుబాక్సు దగ్గరుండే సెన్సారు బండి వేగాన్ని కంట్రోల్ యూనిట్‌కు తెలుపుతుంది. మనం కోరిన వేగానికీ ఉన్న వేగానికీ తేడా చూసి ఆ యూనిట్ సర్వోకు ఆజ్ఞ ఇస్తుంది. సర్వో అంటే లోపల రబ్బరు పొర ఉన్న డబ్బా. ఇంజను పీల్చుకునే శూన్యం ఆ పొరను లాగుతుంది. పొర కేబులును లాగుతుంది. కేబులు థ్రాటిల్‌ను తెరుస్తుంది. కొన్ని ట్రక్కులలో శూన్యానికి బదులు చిన్న విద్యుత్ మోటారు ఉంటుంది.

ఈ పని ఎంతటిదో ఒక లెక్క చూద్దాం. 2000 కిలోల ట్రక్కు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతూ నూటికి 4 వంతుల ఎత్తు ఎక్కితే, అదనంగా దాదాపు 785 న్యూటన్ల బలం కావాలి. సెకనుకు 25 మీటర్లు కనుక అది సుమారు 19.6 కిలోవాట్లు, అంటే 26 అశ్వశక్తులు. డ్రైవరు కాలు కదపకుండానే ఇంత శక్తినీ ఇంజను చేత ఇప్పించాలి.

ఇక్కడే ఒక చిక్కుంది. ఎత్తు ఎక్కేటప్పుడు థ్రాటిల్ ఎక్కువ తెరుచుకుంటుంది. తెరుచుకున్నకొద్దీ ఇంజనులో శూన్యం తగ్గిపోతుంది. అంటే సర్వోకు బలం బాగా కావలసిన సమయంలోనే అది దొరకదన్నమాట! అందుకే శూన్యాన్ని దాచిపెట్టే ఒక డబ్బా, అది వెనక్కి పోకుండా ఒకవైపే తెరుచుకునే వాల్వు పెట్టారు.

అనుమతి లేనిదే అడుగు వేయదు

ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఈ యంత్రం స్వభావం. ఇది పదిమంది ఒప్పుకుంటేగాని పెళ్ళి జరగని ఉమ్మడి కుటుంబం లాంటిది. ఫ్యూజు, బ్రేకు స్విచ్చి, క్లచ్ స్విచ్చి, వేగం సెన్సారు - వీటిలో ఏ ఒక్కటి "వద్దు" అన్నా పని ఆగిపోతుంది. అలా ఆగిపోవాలనే దాన్ని తయారుచేశారు. కాబట్టి క్రూయిజ్ పనిచేయనప్పుడు "ఏ భాగం పాడైంది?" అని కాక, "ఎవరు వద్దంటున్నారు?" అని ప్రశ్నించాలి. ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చయ్యేది చివర. ఈ క్రమం తప్పకూడదు.

1. ముందు ఫ్యూజు చూడాలి. ఆ తర్వాత బ్రేకు తొక్కి వెనక దీపాలు చూడాలి. కొన్ని పాత ట్రక్కులలో కంట్రోల్ యూనిట్ ఆ బల్బుల ఫిలమెంట్ల గుండానే గ్రౌండు అందుకుంటుంది. బల్బులన్నీ మాడిపోయినా, వాటి చోట ఎల్.ఇ.డి. దీపాలు పెట్టినా క్రూయిజ్ పలకదు. బ్రేకు వదిలినా దీపాలు ఆరకపోతే స్విచ్చి సర్దుబాటు తప్పిందని అర్థం.

2. హారను, క్రూయిజ్ మీటలు రెండూ ఒకేసారి మూగపోతే, స్టీరింగు చక్రం కింద చుట్టలా ఉండే తీగపట్టీ తెగి ఉండవచ్చు. అక్కడ ఎయిర్‌బ్యాగు ఉంటుంది కనుక ఆ పని శిక్షణ పొందిన మెకానిక్కుదే.

3. స్పీడామీటరు ముల్లు ఎగిరెగిరి పడుతుంటే సెన్సారునూ దాని తీగలనూ చూడాలి.

4. బండి వేగం ఊగిసలాడుతుంటే కేబులు వదులైందేమో చూడాలి.

5. చదునుదారిలో పనిచేసి, ఎత్తులో చేతులెత్తేస్తే శూన్యం ఎక్కడో కారిపోతోంది.

కంట్రోల్ యూనిట్ వంతు వీటన్నిటి తరువాతే.

నా ట్రక్కుది అయిదో జబ్బు. ఆస్టిన్ నగరం నుంచి పడమరగా గుట్టల దారి పట్టిందంటే చాలు, వేగం జారిపోయేది. ఒక వర్క్‌షాపులో బానెట్ ఎత్తకుండానే కంట్రోల్ యూనిట్ మార్చేద్దామన్నారు. నేను ఒప్పుకోక, చేతిపంపు తగిలించి సర్వోలో శూన్యం పట్టి చూశాను. ముల్లు కదలకుండా నిలిచింది. పొర బాగానే ఉందన్నమాట. అదే పంపు డబ్బా గొట్టానికి తగిలిస్తే ముల్లు చూస్తూండగానే పడిపోయింది. ఇంజను వేడికి బిరుసెక్కి, వంపు దగ్గర చీలిన రబ్బరు గొట్టం అది. కొద్ది డాలర్లతో కొత్త ముక్క వేస్తే జబ్బు కుదిరింది.

ఒక హెచ్చరిక

ఈ ట్రక్కులవాళ్ళలో ఒక సలహా తిరుగుతూ ఉంటుంది: "బ్రేకు స్విచ్చి రెండు తీగలూ కలిపెయ్, గొడవ వదిలిపోతుంది!" అని. నాకూ ఇచ్చారు. అలా చేస్తే ఏమౌతుంది? వద్దనేవాడి నోరు నొక్కినట్టవుతుంది. బ్రేకు తొక్కుతుంటే క్రూయిజ్ ఇంకా థ్రాటిల్ లాగుతూనే ఉంటుంది. ఎదురుగా బండి ఆగి ఉన్నప్పుడు ఆ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది.

అలాగని ఆ స్విచ్చిని గుడ్డిగా నమ్మనూ కూడదు. ఫోర్డు కంపెనీ వాహనాలు అనేకంలో క్రూయిజ్‌ను ఆపే స్విచ్చిలోకి బ్రేకు ఆయిలు కారి, తాళం తీసేసి నిలబెట్టిన బండ్లు కూడా అంటుకున్నాయి. 1999 నుంచి 2009 దాకా దశలవారీగా సుమారు 1 కోటి 40 లక్షల వాహనాలను మరమ్మతుకు వెనక్కి పిలిచారు. పాత ట్రక్కు కొనేవారు ఆ మరమ్మతు జరిగిందో లేదో ముందుగా కనుక్కోవాలి.

మరమ్మతు అయ్యాక ఇంజను ఆపి ఉంచి, యాక్సిలరేటర్ తొక్కి వదిలి, కేబులు పూర్తిగా వెనక్కి వస్తోందా చూడండి. ఖాళీ రోడ్డు మీద క్రూయిజ్ పెట్టి, బ్రేకు మెల్లగా తాకండి. తక్షణం వదిలేయాలి. వదలకపోతే దాన్ని వాడనే వద్దు. తడిరోడ్డు మీద ఎలాగూ వాడకూడదు.

మిత్రులారా! వేగాన్ని నిలబెట్టడం ఈ యంత్రం చేసే పనిలో సగమే. అడిగిన వెంటనే వదిలేయడం మిగతా సగం. పాఠ్యపుస్తకంలోని బొమ్మ మొదటి సగం చూపిస్తుంది. రేపు మీరు చేసే యంత్రం ఏదైనా సరే, రెండో సగం కూడా అందులో ఉండేలా చూడండి. అది ఉన్నచోట, పని తొందరలో దాన్ని తెంచకండి.