నల్లరేగడి మీద అంబాసిడర్

గుంటూరు,
మే 20

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

తాతయ్య అంబాసిడర్‌ని మళ్ళీ రోడ్డెక్కించాలని నీకు బుద్ధి పుట్టినందుకు నాకెంత సంతోషంగా ఉందో మాటల్లో చెప్పలేను. కానీ నిన్న నువ్వు పంపిన ఫోటో చూసి గుండె ఆగినంత పనైంది. వెనక ఎడమ చక్రం ఊడదీసి ఉంది. ఇరుసు కింద బాటిల్ జాకీ ఒక్కటే ఉంది. పక్కన నాలుగు ఇటుకలు పేర్చావు. బంపరు కిందనుంచి నీ కాళ్ళు రెండూ బయటికి కనిపిస్తున్నాయి. అందుకే అప్పటికప్పుడు ఫోన్ చేసి కారు దింపించాను. ఎందుకు దింపమన్నానో ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుంది. కాగితం మీద ఉంటే పని చేసే చోట దగ్గర పెట్టుకుంటావని రాస్తున్నాను.

ఆ కారు బరువు 1,100 కిలోల పైమాటే. మిర్చి యార్డుకి తోలే మిరపకాయ టిక్కీలు పాతిక ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి కింద పడుకో అంటే పడుకుంటావా? వెనక ఒక మూల ఎత్తినప్పుడు జాకీ మీద సుమారు 300 కిలోలు పడుతుంది. ఆ 300 కిలోలనీ పైన నిలబెట్టేది కాస్త నూనె, ఒక రబ్బరు సీలు. సీలు ఎప్పుడు పాతబడిందో బయటికి కనిపించదు. కొన్ని జాకీలు గంటకి అంగుళం చొప్పున మెల్లగా దిగుతాయి, కొన్ని ఒక్కసారిగా వదిలేస్తాయి. కొత్త జాకీకైనా ఇదే వర్తిస్తుంది. జాకీ పని ఎత్తడం వరకే. ఎత్తినదాన్ని మోయాల్సింది స్టాండు. కారు స్టాండ్ల మీద కూర్చునేదాకా నీ చెయ్యి కూడా దాని కిందికి పోకూడదు.

ఇక ఇటుకల సంగతి. ఇటుక గోడలో బాగా మోస్తుందంటే బరువు దాని ముఖమంతా సమంగా పరుచుకుంటుంది కాబట్టి. ఇరుసు గొట్టం గుండ్రం. అది ఇటుక మీద ఒక గీత మేరకే ఆనుతుంది. ముందు అంచు పొడిపొడిగా రాలుతుంది, తర్వాత మధ్యకి పగులుతుంది. ఆ పగులు ముందుగా చెప్పి రాదు. బోలుగా ఉండే సిమెంటు దిమ్మలు ఇంకా ప్రమాదం, అవి పగిలితే ఒక్క పెట్టున కూలిపోతాయి. చీమకుర్తి గ్రానైటు ముక్క గట్టిదే, కానీ పాలిష్ పెట్టిన ముఖం మీద ఇనుము జారుతుంది. వీటిలో ఏదీ వద్దు.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది నేల. మన పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు చుట్టుపక్కలదంతా నల్లరేగడి. పత్తికి, మిరపకి అది బంగారమే, కారు ఎత్తడానికి మాత్రం పనికిరాదు. ఎండాకాలం నెర్రెలిచ్చి రాయిలా కనిపిస్తుంది. ఆ నెర్రెల మధ్య ఉన్న పెళ్ళ మీద జాకీ పెడితే పెళ్ళ పక్కకి ఒరుగుతుంది. వాన పడిందా, అదే మట్టి నీళ్ళు తాగి ఉబ్బి మెత్తబడుతుంది. సాయంత్రం గట్టిగా నిలబడ్డ కారు తెల్లారేసరికి ఒరిగి ఉండటం నేను ఒక షెడ్డులో కళ్ళారా చూశాను. రాత్రి పడింది పెద్ద వాన కూడా కాదు. ఒక పక్క స్టాండు కాళ్ళు నాలుగు వేళ్ళ లోతు దిగిపోయి ఉన్నాయి. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

మీ ముంగిట్లో నాపరాళ్ళు పరిచి ఉన్నాయి కదా అంటావు. ఆ మాచర్ల బండలు అంగుళం, అంగుళన్నర మందం ఉంటాయి. కింద మట్టి ఎండి కుంగిన చోట బండకీ నేలకీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. మడమతో తట్టి చూడు, డొల్లగా మోగితే కింద ఏమీ లేదన్నమాట. దాని నడిమధ్యన జాకీ పెట్టి ఎత్తితే బండ రెండుగా విరుగుతుంది. ఊళ్ళో రైస్ మిల్లు సిమెంటు కల్లం కానీ, జిన్నింగ్ మిల్లు గోడౌన్ గచ్చు కానీ అడిగి చూడు. సీజను అయిపోయింది కాబట్టి ఖాళీగానే ఉంటాయి, తాతయ్య కారంటే ఎవరూ కాదనరు. ట్రాక్టరుకి కట్టి లాక్కెళ్ళినా సరే, సమతలంగా ఉన్న గచ్చు మీద చెయ్యి.

ఎక్కడా కుదరక ఇంటి దగ్గరే చేయాల్సి వస్తే పలకలు వాడు. దాని లెక్క చెప్తాను. బాటిల్ జాకీ అడుగు నాలుగంగుళాల చదరం అనుకో, అంటే 16 చదరపు అంగుళాలు. 300 కిలోలు దాని మీద పడితే నేలలో చదరపు అంగుళానికి 19 కిలోల దాకా దిగుతుంది. రెండంగుళాల మందం ఉన్న తుమ్మచెక్క పలక అడుగున్నర చదరం తీసుకుంటే 324 చదరపు అంగుళాలు, బరువు చదరపు అంగుళానికి ఒక కిలో లోపే. అదే నేల, అదే కారు, తేడా ఇరవై రెట్లు. జాకీకి ఒకటి, ఒక్కో స్టాండుకి ఒకటి వేరువేరుగా కోయించు. పైన వదులు మట్టి తీసి, నేల చదును చేసి, పలక కింద ఎక్కడా ఖాళీ లేకుండా కూర్చోబెట్టు. పలకలు వేసినా సరే, ఆకాశంలో మబ్బు కనిపిస్తే ఆ రోజు కారు ఎత్తవద్దు.

ఇప్పుడు కారు కదలకుండా చూడటం. మిర్చి యార్డు దగ్గర లారీ ఆగగానే క్లీనరు దిగి మొదట చక్రం కింద అడ్డు పెడతాడు. అది చూసి నేర్చుకోవాల్సిన పని. నువ్వు హ్యాండ్‌బ్రేక్ వేశానని ధైర్యంగా ఉన్నావు. మన కారులో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక రెండు చక్రాలూ గాలిలోకి లేస్తే అది పట్టుకోడానికి నేల మీద ఏమీ ఉండదు. పైగా నువ్వు విప్పబోయేది వెనక బ్రేకు డ్రమ్ములు, అవి ఊడాలంటే హ్యాండ్‌బ్రేక్ వదలాల్సిందే. మరి గేరులో వేస్తే సరిపోదా అని ఫోన్లో అడిగావు. ఒక్క చక్రం పైకి లేపినప్పుడు గేరు కూడా ఆపదు. ఇంజను ప్రొపెల్లర్ షాఫ్టుని బిగించి పట్టుకున్నా, డిఫరెన్షియల్ లోపలి పళ్ళు గాలిలో ఉన్న చక్రాన్ని వెనక్కి తిరగనిస్తాయి, నేల మీద చక్రం ముందుకి దొర్లుతుంది. కారు జాకీ మీదనుంచి దొర్లి పడిపోవడానికి ఆ కాస్త చాలు. కాబట్టి ముందు చక్రాలు రెండింటికీ, ముందూ వెనకా, ఏటవాలుగా కోసిన చెక్కలు సుత్తితో కొట్టి బిగించు. గులకరాళ్ళు, కొబ్బరి బొండాలు పెట్టవద్దు.

ఎత్తక ముందే చక్రం నట్లు కొద్దిగా వదులు చెయ్యి. గాలిలో ఉన్నప్పుడు స్పానరు మీద ఎక్కి తొక్కితే కారు ఊగుతుంది. ఎత్తేటప్పుడు ఒక్కసారే బారెడు ఎత్తేయకు. వెనక భాగం లేచేకొద్దీ కారు ముందు చక్రాల మీద తిరుగుతుంది, జాకీ ఆనిన చోటు కొంచెం ముందుకి జరుగుతుంది. బాటిల్ జాకీ అడుగు మాత్రం జరగదు, అందుకని జాకీయే ఒరుగుతుంది. కాస్త ఎత్తి, దూరంగా నిలబడి అది నిటారుగా ఉందో లేదో చూడు. ఒరిగితే దింపి మళ్ళీ పెట్టు. ఎంత అవసరమో అంతే ఎత్తు, చక్రం ఊడి డ్రమ్ము చేతికందితే చాలు.

ఎక్కడ ఆనించాలో బాగా గుర్తుపెట్టుకో. 1978 నాటి మార్క్ 3 అది. ఆ కారుకి లారీలాగా విడిగా చాసిస్ ఉండదు, బాడీయే అన్నీ మోస్తుంది. తలుపుల కింద అంచు పైకి రంగేసి నున్నగా కనిపించినా లోపల తుప్పు ఎంత తిన్నదో తెలియదు. స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడు, కరకరలాడితే ఆ చోటు వదిలెయ్యి. వెనకవైపు భయం లేదు. జాకీని కమాన్ కట్టల్ని ఇరుసుకి బిగించిన పలక కింద పెట్టు. స్టాండుని దానికి కొంచెం లోపలగా ఇరుసు గొట్టం కింద పెట్టు. గొట్టం వెంట బ్రేకు పైపు పోతుంది, అది స్టాండుకీ ఇరుసుకీ మధ్య నలగకూడదు. డిఫరెన్షియల్ వెనక మూతకి మాత్రం జాకీ ఆనించకు, అది పల్చని రేకు. ఎడమ పక్క స్టాండు పెట్టి, దాని మీదికి దింపి, తర్వాత కుడిపక్కకి వెళ్ళు. ముందువైపు పని ఎప్పుడైనా పడితే నన్ను పిలువు. అక్కడ టార్షన్ బార్లు, స్టీరింగ్ రాడ్లు ఉంటాయి, ఏది మోస్తుందో ఏది వంగుతుందో పక్కన కూర్చుని చేత్తో పట్టుకుని చూపిస్తాను.

స్టాండ్లమీద దింపాక చక్రాలకి అడ్డు పెట్టిన వైపునుంచి భుజంతో కారుని గట్టిగా నెట్టు. కొంచెం ఊగినా, స్టాండు కాలు ఒక్కటి లేచినా మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. పడితే నువ్వు బయట ఉండగానే పడాలి. ఊడదీసిన చక్రాన్ని, స్టెప్నీని డోరు కింద అడ్డంగా పడుకోబెట్టు. జాకీని కూడా తీసేయకుండా ఇరుసుకి తగిలీ తగలనట్టు ఉంచు. స్టాండు పిన్ను పోయిందని మేకులు దోపడం చూశాను, అలా చేయకు. పిన్ను లేని స్టాండు పాత ఇనుము కింద అమ్మేయాల్సిందే.

కారు కింద నువ్వు ఉన్నంతసేపూ ఇంట్లో ఇంకొకరు మెలకువగా ఉండాలి. మీ అమ్మని అరుగు మీద కూర్చోమను. పిల్లలెవరూ కారు ఎక్కకుండా, తలుపులు ధడాలున వేయకుండా చూడమను. ఇంకొకటి, ఆ పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండి ఉంటుంది. డ్రమ్ములోని పొడిని నోటితో ఊదకు, ఎయిర్ పట్టించకు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని కవర్లో కట్టి పారెయ్యి. ఊపిరితిత్తుల్లోకి పోతే అది ఎప్పటికీ బయటికి రాదు.

అంబాసిడర్లు తయారవడం 2014 మేలో ఉత్తర్‌పారాలో ఆగిపోయింది. అయినా సామాను దొరుకుతూనే ఉంది. వీల్ సిలిండర్లు, బ్రేక్ షూలు నేను ఇక్కడి ఆటోనగర్‌లో వెతికి పంపిస్తాను, నువ్వు కొనకు. తాతయ్య ఆ కారులో 5వ నంబరు హైవే మీద, ఇప్పుడు 16 అంటున్నారు, మిరపకాయలు ఎండబెట్టిన కల్లాలు చూసుకుంటూ చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా నెమ్మదిగా తోలేవారు. ఆ దారిలో నువ్వు దాన్ని తోలుతుంటే పక్కన కూర్చోవాలని నాకు బాగా కోరికగా ఉంది.

నా దగ్గర రెండు టన్నుల స్టాండ్లు రెండు జతలు ఉన్నాయి. ఒక జత, దాంతో పాటు తుమ్మచెక్క పలకలు మూడు, చక్రాల అడ్డు చెక్కలు నాలుగు రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. పర్చూరు బస్టాండులో తీసుకో, రసీదు నీ ఫోనుకి పంపుతాను. అవి వచ్చేదాకా కారు నాలుగు చక్రాల మీదే ఉండనివ్వు. అందాక కల్లం సంగతి మిల్లు వాళ్ళని అడిగి ఉంచు.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య